అరవై అంగలు

ఎప్పుడు మొదలైంది అవ్వా గా గుబులు అని అడుగుతున్నవు గదా, చెప్త. ఫోను గట్ల ఒళ్ళె వెట్టుకోకు మంజులా, గీ అరుగు మీద వెట్టు. చైత్రమాసం పున్నం, పొద్దుగాల. నాకప్పుడు పన్నెండో పదమూడో. రాయి కాడికెల్లి సముద్రం నీళ్ళ గీత దాక అంగలేసుకుంట పోయిన. ముందటి పున్నానికి ఏస్తే అరవై వచ్చినయి. గీసారి యాభై ఆరు వచ్చినయి. నేనేమనుకున్ననంటే, నెలరోజులల్ల నా కాళ్ళు పెరిగినయి కావచ్చు, అంగ పెద్దగ పడ్డది కావచ్చు అనుకున్న. ఎదిగే పిల్లనే గదా. కానీ మనసు ఒప్పలే. మేముండే గుడిసె కాడికెల్లి మంచినీళ్ళ చెలిమె దాక నూటపది అంగలు, అది నేను దినాం నీళ్ళు మోసుకుంట లెక్కవెడుతుంటి, ఏం తోచక. పోయి అది కొలిసిన. నూటపదే వచ్చినయి. కాళ్ళు పెరగలే. అంటే గీతనే ఇటు జరిగింది. గా చెలిమె పక్కపొంటి కుండ చేతుల వట్టుకొని నిలవడ్డ. గప్పుడే వుట్టింది గుబులు. ఇంతవరకు పోలే.

ఏం రాయి అంటవా. ఆగు, ఆడికే వస్తున్న. మా అత్త మీద పాతిన రాయి. మా అత్త నర్సింగమ్మ, మీ ముత్తవ్వ. ఆమె పెనిమిటి గుర్వయ్య, మీ ముత్తాత. నాకు మేనమామ గూడ, మా అమ్మకు సొంత అన్న. ఆయన మన ఊరి చెరువుకు నీరడి. నీరడంటే నీకేం తెలుసు, బోర్లు పడ్డంక ఎవల నీళ్ళు ఆల్లయే నాయె. గప్పుడు చెరువు తూము తెరుసుడు, మూసుడు, ఎవల మడికి ఎంతసేపు నీళ్ళు పారాలెనో పంచుడు, కట్టకు బొక్క పడితే పూడ్సుడు, గదంత ఆయన పని. ఊరందరి బువ్వ ఆయన చేతుల ఉండె, ఆయన బువ్వ మాత్రం మా అత్త చేతుల ఉండె. చెరువుకు అలుగు అని ఒకటి ఉంటది సూడు, నిండినంక ఎక్కువైన నీళ్ళు దూకిపొయ్యే రాతికట్టు. నీళ్ళు దాని నెత్తి దాక వస్తయి, ఆపైన జానెడు ఎక్కవు, పక్కకు దూకి పోతయి. గందుకని చెరువు చుట్టు నిండు గీత ఏడుంటదో మా మామకు కండ్లు మూసుకున్నా తెలుసు. గా గీత మీద రాళ్ళు పాతిండు. 'గీ రాయి దాటి నీళ్ళు రావు, ఈడ ఇల్లు కట్టుకోరి' అంటే జనం కట్టుకునేది. ఆయన జెప్పిన జాగల కట్టిన ఇంట్లకు నీళ్ళు వచ్చినయన్న మాట నేను ఇనలే.

మరి ఊరిడిసి ఎందుకు పోవాల్సి వచ్చిందంటే, దొర వంతు గాని దినం దొర మడికి పొయ్యే తూమును మా మామ మూసిండు. ఊర్ల జనం దొరకు ఎదురుగ సంఘం పెట్టినంక నీళ్ళకు వంతులు వెట్టిండ్రు, దొరకు గూడ వంతే అన్నరు. మా మామకు సంఘం సంగతి అంత తెల్వదు, వంతు అంటే మాత్రం తెలుసు. వంతు కాదు గనుక మూసిండు. దొర ఉండే గడికి పిలిపిచ్చిండ్రు. 'ఏంరా గుర్వా, తూము నువ్వు మూసినవా, సంఘం మూసిందా?' 'నేనే మూసిన దొరా. సంఘపోళ్ళకు మూసుడు రాదు.' ఆయన ఉన్న ముచ్చటే జెప్పిండు. గడిల అది ఇంకో తీరుగ ఇనవడ్డది. నాలుగో దినం రజాకార్లు వచ్చి మా వాడ ముట్టిచ్చిండ్రు. మేము గప్పటికే నడుస్తున్నం. మామ, అత్త, మీ తాత జంగయ్య, నేను. నాకు లగ్గమై ఏడాదే, మొగుడంటే నాకన్న జర పొడుగున్న పిలగాడు. కట్టంగూరు తొవ్వల ఎవలకు కనవడకుంట చేనులల్ల పడి నడిసి, ఆఖరికి నిజాము హద్దు దాటి యూనియన్ల పడ్డం, బెజవాడ క్యాంపుల. ఆడ మనోళ్ళే వేలమంది. గంజి కోసం పొద్దుగాలికెల్లి నిలవడేది. మా మామకు నిలవడుడు రాదు, పని లేకుంటే చేతులు పీకుతయి ఆయనకు. ఎవలో అన్నరు, బందరుకు దక్షిణం దిక్కు సముద్రం ఒడ్డున ఉప్పు మడులల్ల కైకిలి దొరుకుతది, నీళ్ళు ఇప్పేటోడు కావాల్నట అని. నీళ్ళు అన్న మాట ఇన్నడు, లేసిండు.

మామ సముద్రం దిక్కు మొకం వెట్టి గంటసేపు నిలవడ్డడు. మొక్కుతున్నడేమో అనుకున్న. గాదు, కట్ట ఏడుందో సూస్తున్నడు. ఆ పాలెంల నాంచారయ్య అని శాపలు వట్టేటాయన ఉండె, మాకు గుడిసెకు జాగ ఇచ్చింది ఆయనే. మా మామ ఆయనను అడిగిండు, 'అలుగు ఎటుదిక్కున్నది?' 'అలుగేంటయ్యా?' 'గిన్ని నీళ్ళాయె, నిండితే ఎటువోతయి?' 'నిండదు.' 'ఎండదా?' 'ఎండదు.' 'మరి దినాం రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. తూము ఎవలు ఇప్పుతుండ్రు?' నాంచారయ్య వల అల్లుకుంటనే, 'చంద్రుడు' అన్నడు. ఎక్కిరిచ్చిండో నిజంగ జెప్పిండో నాకిప్పటికీ తెల్వదు. మా మామ తలకాయ ఊపిండు. నీరడి లేకుంట నీళ్ళు ఎట్లుంటయి అనుకుంటనే ఉన్న అన్నడు. తెల్లారేసరికి పాలెమంత గీ ముచ్చట పాకింది. ఆయన కనవడితే సాలు, 'ఏమయ్యా తెలంగాణా, అలుగు దొరికిందా' అని అడిగేది. ఆయన నిదానంగ 'ఇంక లేదు' అనేది.

కానీ పనిల మాత్రం ఆయనను మించినోడు లేకుండె. ఎక్కే నీళ్ళను ఆల్లు పోటు అంటరు, దిగే నీళ్ళను పాటు అంటరు. పోటుకు కాలువ నోరు తెరిచి ఉప్పునీళ్ళు మడులల్లకు తీసుకోవాలె, పాటు మొదలుగాకముందే మూయాలె. రెండు నెలలల్ల మా మామకు చేతికొచ్చింది. పున్నానికి అమాసకు పెద్ద పోటు, నడుమ చిన్న పోటు. పెద్ద పోటు ఏడిదాక వస్తదో, ఒడ్డున గవ్వలు, నాచు, కట్టెపుల్లలు గీత లెక్క ఒదిలిపెట్టి పోతది. గది సూసి ఆయన పాణం నిమ్మళమైంది. 'సూసినవా అమ్మాయీ, దీనికి గూడ నిండు గీత ఉన్నది' అన్నడు నాతోని. అలుగు దొరికినంత సంబురం.

మా అత్తకు మాత్రం సముద్రం అంటే చీదర. 'తాగనీకి రావు, మడికి రావు, బట్టలు పిండితే తెల్లగ గావు. ఇన్ని నీళ్ళు వెట్టుకొని ఏం జేసుకుంటుండ్రు మీరు' అని నాంచారయ్య భార్యను అడిగేది. ఆమె నవ్వేది, 'దాని పని అది చేస్తానే ఉంటదక్కా, మనకి కనపడదు' అని. 'కనవడని పని మా ఇంట్ల మా ఆయన జేస్తడు' అనేది మా అత్త. గట్లనే ఉండె ఆమె నోరు. మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది, చలిజరం వట్టింది. దవాఖాన బందర్ల, మా కాడ బండి లేదు, ఎత్తుకపోనీకి మామ, మీ తాత ఇద్దరే మనుషులు. కషాయాలు తాపినం. తొమ్మిదో దినం పొద్దుమీకి మామ చెయ్యి వట్టుకొని, 'నన్ను గీ ఉప్పుల ఇడిసిపెట్టి పోకు. మన ఊరికి తోల్కపో' అన్నది. 'తోల్కపోత' అన్నడు. 'మాటనా' అన్నది. 'మాటనే' అన్నడు. గదే ఆఖరు.

మన కులంల పూడ్సుడే, కాలవెట్టుడు లేదు. ఏడాది దాటినంక బొక్కలు తీసుకపోయి మన మట్టిల పెట్టుకోవచ్చు, ఫికర్ లేదు అన్నడు మామ. మరి ఏడ పూడ్సాలె. నాంచారయ్య తమ జాగ చూపిచ్చిండు, ఊరెనుక తాటితోపుల, ఒడ్డుకు ఆమడల దూరం కాదు గాని మంచిదూరమే. 'మా పెద్దలంతా ఇక్కడే, మీ ఆవిడకీ ఇక్కడే చోటు' అన్నడు. మంచి మనిషి. మామ గడ్డపార తీస్కొని రెండు మూరలు తవ్విండు. అడుగున నీళ్ళు ఊరినయి. చేతుల వట్టి నాలికె మీద ఏసుకున్నడు. ఉప్పు. 'జాలు వట్టిన జాగ. ఈడ పెట్టను' అన్నడు. నీరడికి జాలు అంటే మనకు పాము కనవడ్డట్టు. అటెనుక ఒడ్డు పొంటి నడిసిండు, ఎత్తైన ఇసుక దిబ్బ ఒకటి సూసిండు. పైన ఇసుక తీగ అల్లుకొని ఉన్నది. నిలువులోతు తవ్వినా చుక్క నీళ్ళు లేవు, పొడిగ, పిండి లెక్క. నాంచారయ్య అన్నడు, 'ఒడ్డు మీద వద్దయ్యా.' 'ఎందుకొద్దు? నిండు గీతకు ఇంత పైకి ఉన్నది.' 'గీత సంగతి కాదయ్యా, ఇసక నిలవదు.' 'నిలవకుంటే గింత దిబ్బ ఎట్లయింది?' నాంచారయ్య కాడ జవాబు ఉండె గాని, పీనుగను ముంగట వెట్టుకొని ఎవలు వాదిస్తరు. ఆడనే పూడ్సినం. కాలువ గట్టు పనికి తెచ్చిన నల్లరాయి ఒకటి అడిగి తెచ్చి నెత్తి దిక్కు పాతిండు, మోకాలెత్తు. పున్నం పోటు దిగినంక నన్ను పిలిసిండు. ఆయనకు ఉప్పుల నిలవడి పాదాలు పగిలి నెత్తురు కారుతుండె, ఇసుకల నడువరాకుండె. 'అమ్మాయీ, రాయి కాడికెల్లి గవ్వల గీత దాక కొలువు. పున్నానికి పున్నానికి కొలువు, నడుమల కొలిస్తే లెక్క కాదు.' కొలిసిన. అరవై. 'అరవై అంటే ఢోకా లేదు' అన్నడు. ఆనాటి సంది ఆయన రాయి దిక్కు పోలే. నన్ను తోలేది, ఆయన మడుల కాడ నిలవడి ఇంకో దిక్కు సూసేది.

చైత్రం యాభై ఆరు. జెప్పిన గదా. వైశాఖం యాభై మూడు. జ్యేష్ఠంల దక్షిణం గాలి జోరైనంక యాభై. ఆషాఢం నలభై ఏడు. శ్రావణం నలభై మూడు. దిబ్బ కాళ్ళ కాడ ఇసుక కోసుకపోయి, తీగల ఏర్లు గాలిలకు ఏలాడుతుండె. నేను జెప్పలేదా అంటవు. కోడలిని బిడ్డా, పన్నెండేండ్ల కోడలిని, మామ ముంగట 'ఊ' అనుడే ఎక్కువ. ఆయన అడిగేది, 'కొలిసినవా?' 'కొలిసిన.' గంతే అడిగేది, ఎన్ని అని అడగకపోయేది. ఎన్ని అని అడుగుతే జెప్పేదాన్నే అనుకుంటుంటి. నన్ను అడగలే, నేను జెప్పలే, నా తప్పు లేదు. ఐదు నెలలు గట్లనే ఎల్లదీసిన.

భాద్రపదంల తెలిసింది, యూనియన్ మిల్ట్రీ వచ్చింది, నిజాము లొంగిండు, రజాకార్లు ఉరికిండ్రు అని. మడులల్ల మనోళ్ళు పారలు ఇసిరేసి ఎగిరిండ్రు. ఇంటికి పోదాం, బతుకమ్మకు ఇంట్ల ఉంటం అన్నరు. నాకు మా అమ్మ యాదికొచ్చింది. ఏడాది దాటిందాయె సూడక. గప్పుడే పున్నం. కొలిసిన. ముప్పై తొమ్మిది. తెల్లారి బండి కట్టిండ్రు. మూటలు ఎక్కిచ్చినం. మామ ఎక్కలే. బండి గుంజ వట్టుకొని నిలవడి, మొదటిసారి సక్కగ అడిగిండు. 'అమ్మాయీ, ఎన్నొచ్చినయి?' నేను ఆయన మొకం సూసిన. ముప్పై తొమ్మిది అంటే ఆయన రాడు. అది నాకు తెలుసు. ఆయన రాకుంటే మీ తాత రాడు. మీ తాత రాకుంటే నేను పోలేను. ఇంకో ఏడాది గా ఉప్పుల, గా శాపల వాసనల. 'అరవై మామా' అన్న. 'అరవయే?' 'అరవయే.' బండి ఎక్కిండు.

అబద్దమాడుడు ఎంత తేలికనో గప్పుడు తెలిసింది. నోట్లె నీళ్ళు గూడ ఆరలే. తొవ్వ పొడుగున మస్తు ఆకలైంది, మంచిగ తిన్న గూడ.

ఫాల్గుణం వస్తే ఏడాది నిండుతది, పోయి తెచ్చుకుందం అనుకున్నడు మామ. ఫాల్గుణం ఏడికెల్లి వస్తది. ఊర్ల మిల్ట్రీ క్యాంపు పడ్డది. రజాకార్లను తరుమనీకి వచ్చినోళ్ళు సంఘపోళ్ళను తరుముడు మొదలువెట్టిండ్రు. పొద్దుమాపు ఊరోళ్ళను వరుసగ నిలవెట్టి లెక్కవెట్టేది. కోస్తలకెల్లి తిరిగొచ్చినోళ్ళంత సంఘపోళ్ళే అని ఎవలో రాసిచ్చిండ్రు. మామను వట్టుకపోయిండ్రు. ఆఫీసరు అడిగిండట, 'ఆంధ్రల ఏం జేసినవు?' 'సముద్రానికి తూము ఇప్పిన.' రెండు తలిగిచ్చిండ్రట. మళ్ళ అడిగిండ్రట, మళ్ళ గదే జెప్పిండట. ఆయనకు ఇంకో తీరుగ జెప్పుడు రాదు. నల్గొండ జైల్ల కొన్ని దినాలు, ఇంకేడనో కొన్ని దినాలు, రెండేండ్ల పైన ఉంచిండ్రు. యాభై ఒకటిల ఇడిసిపెట్టిండ్రు. ఇంటికొచ్చి తానం జేసి, అంబలి తాగి, 'అమ్మాయీ, కొత్త గుడ్డ ఉన్నదా ఇంట్ల?' అన్నడు. బొక్కలు కట్టుకొని తేనీకి. మీ తాత అప్పుడే నాగలి కట్టిండు, ఇడిసి రాలేడు. ఆడిమనిషి బొక్కలు ఆడిమనిషే కడగాలెనని నన్ను తోల్కపోయిండు. నకిరేకల్ల లారీ ఎక్కినం. నేను తొవ్వల రెండుసార్లు నోరు తెరిసిన. రెండుసార్లు గూడ 'నీళ్ళు దాగుతవా మామా' అన్న.

పోయినం. దిబ్బ లేదు. రాయి లేదు. నేను కుండ వట్టుకొని నిలవడ్డ చెలిమె లేదు. మేమున్న గుడిసె జాగల నాంచారయ్య పడవ ఆపుకున్నడు, నీళ్ళల్ల. ఊరెనుక ఉన్న తాటితోపు ఊరి ముంగటికి వచ్చింది, మొదటి వరుస చెట్లు సముద్రంలకు ఒంగినయి. నాంచారయ్యోళ్ళు రెండుసార్లు లేసి ఎనుకకు జరిగి గుడిసెలు ఏసుకున్నరు. ఆయనకేం ఫికర్ లేదు. 'తాటాకులేగా, విప్పుకోటం, కట్టుకోటం. రాయి పెట్టుకుంటేనే కష్టం' అన్నడు. అని నాలిక కరుసుకున్నడు. మా మామ వెదురుగడ తీస్కొని పాటు దిగినప్పుడల్ల నీళ్ళల్లకు దిగి పొడుసుకుంట తిరిగిండు. మూడు దినాలు. నల్లరాయి తగుల్తదేమోనని. పాలెం ఆడోళ్ళు వచ్చి సూసి పోయేది. గీసారి ఎవలు అలుగు ముచ్చట ఎత్తలే. గది ఎత్తినా బాగుండు అనిపిచ్చింది నాకు.

మూడో దినం నాంచారయ్య ఆయనను చెయ్యి వట్టి బయిటికి గుంజిండు. ఒడ్డున కూసోవెట్టి జెప్పిండు. 'కెరటం తిన్నగా రాదయ్యా, ఓరగా వస్తది. దక్షిణపు గాలి ఉన్నన్నాళ్ళూ ఓరగా కొట్టి గుప్పెడు ఇసక ఎత్తుద్ది, నాలుగు బారలు ఉత్తరంగా దింపుద్ది. మళ్ళీ ఎత్తుద్ది, మళ్ళీ దింపుద్ది. చలికాలం గాలి మారితే కాస్త వెనక్కి తెస్తది, తీసుకుపోయినంతా తేదు. ఒడ్డు ఒకచోట కూర్చునేది కాదు, నడుస్తా ఉంటది. దక్షిణాన్నుంచి కొత్త ఇసక వస్తా ఉన్నంతకాలం ఎవరికీ తెలీదు. మీరొచ్చిన ముందటేడు వరదకి ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కకి తిరిగిపోయింది. మాక్కూడా అప్పుడు అర్థం కాలేదు. వచ్చే ఇసకంతా ఆ మొగ దగ్గర మేట వేసుకుని ఆగిపోయింది.' మా మామ ఇని, 'అంటే వచ్చే కాలువ బందయింది, పొయ్యే తూము తెరిచే ఉన్నది' అన్నడు. 'అంతే.' 'నేను నీళ్ళ మట్టమే సూసిన. ఇసుకకు గూడ తూము ఉంటదని సూడలే.' 'నీకెలా తెలుస్తదయ్యా' అన్నడు నాంచారయ్య. 'నాకు దెల్వాలె. నేను నీరడిని' అన్నడు.

అటెనుక అడిగిండు, 'మరి పోయిన ఇసుక ఏడికి పోయింది?' గీ ప్రశ్న మా మామ ఒక్కడే అడుగుతడు. చెరువుల నీళ్ళు పోతే ఎవలి మడికి పోయినయో సూసేటోడు గదా. నాంచారయ్య మమ్ముల ఉత్తరం దిక్కు నడిపిచ్చిండు, మూడు మైళ్ళు. ఆడ సముద్రంలకు పొడుగ్గ ఇసుక నాలుక ఒకటి సాగి ఉన్నది, కొత్తది. నాలుకకు గీవల సముద్రం మొత్తుకుంటున్నది, గావల నీళ్ళు కదలకుంట గిన్నెల పోసినట్టున్నయి. కెరటం తగలకుంటే బురద కిందికి దిగుతదట. గా బురదల మడ చెట్ల మొలకలు లేసినయి. దాని ఏర్లు నేలలకెల్లి పైకి పొడుసుకొచ్చినయి, మన దిక్కు కంది కోసినంక కొయ్యలు నిలవడ్డట్టు. ఏర్లతోనే గాలి పీలుస్తదట గా చెట్టు. గా కొయ్యల నడుమల వేలంత శాపపిల్లలు, రొయ్యపిల్లలు, చిన్న చిన్న ఎండ్రికాయలు, ఇసుకేస్తే రాలనంత. పెద్ద శాపలు గా తావుకు రాలేవట, గందుకని పిల్లలు ఆడ పెరిగి, బలిసినంక సముద్రంలకు పోతయట. ఆడోళ్ళు మోకాళ్ళ లోతుల నిలవడి రొయ్యలు వడుతుండ్రు. నాంచారయ్య అన్నడు, 'మూడేళ్ళ కిందట ఇక్కడ నిలువులోతు నీళ్ళయ్యా, పడవ నిలిచేది కాదు. ఇప్పుడు పాలెంలో సగం పొయ్యిలు దీంతోనే వెలుగుతున్నాయి. ఈ ఇసకంతా మీ దిబ్బ దిక్కునుంచి వచ్చిందే.' మా మామ కొత్త గుడ్డ ఇప్పి ఇసుక మీద పరిసి కూసున్నడు. పొద్దంత కూసున్నడు. ఆ పూట నాంచారయ్య భార్య రొయ్యల కూర వెట్టింది. మామ తినలే. నేను తిన్న. మంచిగున్నది.

ఇంటికి ఒట్టి గుడ్డతోని వచ్చినం. ఊరోళ్ళు అడిగిండ్రు, 'గుర్వయ్యా, నర్సింగమ్మను తెచ్చినవా?' మామ చెప్పులు ఇడుసుకుంట, 'రాలే. ఆమెకు ఆడ పని దొరికింది' అన్నడు. గంతే. తెల్లారి తూము గడె తీస్కపోయి మా వాడల ఉండే భీమయ్య చేతుల వెట్టిండు, నీరడి పని నువ్వు సూస్కో అని. 'ఎందుకన్నా' అంటే 'మట్టం దెల్వనోనికి తూమెందుకు' అన్నడు. మళ్ళ కట్ట ఎక్కలే. బర్లు కాసుకున్నడు. జనం ఉంటరు గదా, ఒకలు ఇద్దరు మొదలువెట్టి, ఊరంత పాకింది, గుర్వయ్య సముద్రంల మట్టంరాయి పాతిండట అని. ఎవలన్న తెలివితక్కువ పని జేస్తే 'గుర్వయ్య రాయి వెట్టినవురా' అనేది. మన ఇంట్ల పిల్లలు గూడ అంటరు. నువ్వు గూడ అన్నవు చిన్నప్పుడు, నాకు యాదున్నది. తల దించకు, అందరంటరు.

అస్సలు ముచ్చట గది గాదు. ఆయన వాకిట్ల కూసోని కట్టెపుల్లతోని గీతలు గీసేది. ఇరవై ఏండ్లు గీసిండు. నాంచారయ్య జెప్పిండాయె, మీరు పోయిన మరుసటేడే దిబ్బ పడ్డది, రాయి మునిగింది అని. మామ లెక్క ఏందంటే, ఫాల్గుణంల అరవై, భాద్రపదంల అరవై. ఆరు నెలలు ఒక్క అంగ పోలే. దక్షిణం గాలి ఉన్న నెలలల్లనే పోలే. తర్వాత ఒక్క ఏడాదిల అరవై ఎట్ల పోతయి? తూము తెరిసుంటే దినాం పోవాలె గదా, ఆగి ఆగి ఎట్ల పోతది? అటు గీసేది, ఇటు గీసేది, కాలుతోని చెరిపేది. 'అమ్మాయీ, నాంచారయ్య జెప్పింది నా కొలతకు అతుకుతలేదు. నేనే ఏదో తప్పు సూసిన' అనేది. నేను పేడ నీళ్ళు సల్లుకుంట ఆ గీతల మీద గూడ సల్లేది. ముప్పై తొమ్మిది అని ఒక్కమాట అంటే గా లెక్క సక్కగ కూసునేది. ఆయన నీళ్ళను సరిగ్గనే సదివిండు, ఇసుకను గూడ సదివేటోడే, నేనే తప్పు అంకె ఇచ్చిన. ఆనాడు జెప్పుంటే బండి దిగి, గా దినమే తవ్వి, జాలున్నా సరేనని తాటితోపు కాడికి మార్సేటోడు. తాటితోపు ఇంక ఉన్నదట, సగం. డెబ్బై రెండుల, కరువు పడ్డప్పుడు పోయిండు మామ. పొయ్యే ముందు గూడ నన్నే దగ్గరికి పిలిసి, 'నీ కొలత మంచిదే, నా జాగనే తప్పు' అన్నడు. నా మీద అనుమానం రాలే ఆయనకు, ఆఖరు దాక. మీ తాతకు గూడ జెప్పలే నేను. ఇగో, ఇప్పుడు నీకే.

ఎందుకు జెప్తున్ననంటే, మీ అన్న అమరేందర్ లేడూ, వచ్చే సోమారం బండి మాట్లాడిండట. నువ్వు గూడ పోతున్నవంట గదా. మా ముత్తవ్వకు ఆడ పెద్దల పండుగ జేస్తం, బట్టలు వెడ్తం, పూలు వెడ్తం అంటున్నడు. ఫోన్ల పటం తీసి, ఒడ్డు చూపిచ్చి, 'అవ్వా, ఆడ ఉన్నోళ్ళల్ల నువ్వొక్కదానివే మిగిలినవు, నువ్వు వేలు వెట్టి జూపిస్తే ఆడ వెడ్తం' అంటుండు. మంచి పిలగాడు, వాని తప్పేం లేదు. బండిల నాకు మెత్తటి దిండు గూడ తెచ్చిండు. మొన్న నలుగురి ముంగట నవ్వుకుంట జెప్తుండు, మా ముత్తాత తెలివితోని పాపం గా అవ్వ సముద్రం పాలైంది, మనమన్న పోయి ఒకసారి మొక్కొద్దాం అని. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

ఇగ నేనేం జెయ్యాలె జెప్పు. నీకేం పాలుపోతలేదని నీ మొకం సూస్తేనే తెలుస్తుంది, గోళ్ళు కొరుక్కోకు. నువ్వు గిదంత రాసి నలుగురికి పంపుతవు గదా, గది సదివేటోళ్ళనే అడుగు. అయ్యలారా, అమ్మలారా, తొంబై ఏండ్ల ముసల్దాన్ని. సోమారం నాడు గా ఒడ్డున అమరేందర్ 'ఏడవ్వా' అని అడుగుతడు. ఏదో ఒక దిక్కు వేలు జూపిచ్చి పూలు వెట్టిచ్చి రావాల్నా, లేకుంటే మా మామ ఏం తప్పు జెయ్యలేదు, తప్పు నాది అని నలుగురి ముంగట జెప్పాల్నా. జెప్తే పిలగాండ్లు నన్నేమనుకుంటరో గాదు నా బుగులు. జెప్పినంక ఆల్లు మామ పేరు మీద నవ్వుడు బంద్ చేస్తరో, లేకుంటే జెప్పినా గా నవ్వు గట్లనే ఉంటదో, గదే నా బుగులు. మీరైతే ఏం జేస్తరు?